నార్వే బళ్లు: మీ బాబుకు మార్కులుండవు, మీ పాపకు ఉంటాయి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కంపెనీ మిమ్మల్ని హైదరాబాద్ నుంచి స్టావంగర్ పంపుతోంది. పాప ఏడో తరగతి పూర్తి చేసింది, ఈ ఏడాది 13 నిండుతాయి. బాబుకు 6 నిండుతాయి. నార్వే బళ్లలో మార్కులు, హోంవర్కు ఏమీ ఉండవని ఎవరో చెప్పారు. పాప చదువు పాడవుతుందేమోనని ఇంట్లో టెన్షన్. ఇంటర్నేషనల్ స్కూల్లో వేయాలా, మామూలు బడిలో వేయాలా, రేపు కాలేజీ ఫీజులు ఎంత, మధ్యలో తిరిగి రావాల్సి వస్తే ఎలా అని అడిగారు.

మాది ఖమ్మం. ఇక్కడికి వచ్చి పదిహేనేళ్లయింది. వచ్చేనాటికి మా అమ్మాయికి పదకొండు, బాబుకు మూడు. అమ్మాయి ట్రోండ్‌హైమ్‌లో ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేసి ఉద్యోగం చేస్తోంది. బాబు ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటూ జీతం తీసుకుంటున్నాడు. ఒకే ఇంట్లో రెండు దారులూ చూసిన తల్లిగా చెబుతున్నాను.

మార్కుల గురించి మీరు విన్నది బాబు విషయంలో నిజం. పాప విషయంలో కాదు. ఆమె సరిగ్గా మార్కులు మొదలయ్యే ఏడాదిలో ఇక్కడ అడుగుపెడుతోంది. కాబట్టి మీ ఆలోచనంతా ఆమె మీద పెట్టండి.

ముందు తరగతుల లెక్క చెబుతాను. పిల్లలకు ఆరేళ్లు నిండే క్యాలెండర్ ఏడాదిలో, ఆగస్టులో ఒకటో తరగతి మొదలవుతుంది. జనవరిలో పుట్టినా డిసెంబరులో పుట్టినా ఒకే తరగతి. 1997కు ముందు ఏడేళ్లకు మొదలయ్యేది, తప్పనిసరి చదువు తొమ్మిదేళ్లే. ఆ ఏడాది నుంచి ఆరేళ్లకే మొదలుపెట్టి పదేళ్లు చేశారు. ఒకటి నుంచి ఏడు వరకు బార్నెస్కూలె, ఎనిమిది నుంచి పది వరకు ఉంగ్డమ్స్‌స్కూలె. ఈ పదేళ్లలో ఫెయిల్ అనేది లేదు, వయసుతో పాటు తరగతి మారుతుంది. ఆ తర్వాత మూడేళ్లు విడెరెగోఎండె. మన ఇంటర్ లాంటిదే గానీ ఒక ఏడాది ఎక్కువ. మొదటి పదేళ్ల బడిని నడిపేది కొమ్మూనె, అంటే మునిసిపాలిటీ. ఆ పై మూడేళ్లు ఫిల్కె చేతిలో ఉంటాయి. దాన్ని మన జిల్లా పరిషత్ అనుకోవచ్చు. మీకు అది రూగాలాండ్ ఫిల్కె. దరఖాస్తు అయినా ఫిర్యాదు అయినా ఎవరి దగ్గరికి వెళ్లాలో ఈ తేడాను బట్టే తెలుస్తుంది.

ఇంటికి దగ్గర్లో ఉన్న బడిలో చేరడం ఇక్కడ పిల్లల హక్కు. ఫీజు లేదు. పుస్తకాలు, ట్యాబ్ లేదా ల్యాప్‌టాప్ బడే ఇస్తుంది. బడి వేళల్లో తీసుకెళ్లే ట్రిప్పులకు కూడా డబ్బు అడగకూడదన్నది రూలు. ప్రైవేటు బళ్లు చాలా తక్కువ. అవి కూడా లాభం తీసుకోకూడదు, ప్రభుత్వ సాయంతోనే నడుస్తాయి. 'మంచి స్కూలు' కోసం ఊరంతా తిరిగే అలవాటు మనది. ఇక్కడ డాక్టరుగారి పిల్లలూ బస్సు డ్రైవరుగారి పిల్లలూ ఒకే గదిలో కూర్చుంటారు.

ఇది నిన్నా మొన్నా వచ్చిన పద్ధతి కాదు. పల్లె పిల్లలందరికీ చదువు చెప్పాలని 1739లోనే ఇక్కడ శాసనం వచ్చింది. కానీ కొండల మధ్య, సముద్రపు పాయల వెంట ఎక్కడో ఒక ఇల్లు, ఇంకెక్కడో ఒక ఇల్లు. బడి కట్టే స్తోమతా లేదు. అందుకని పంతులే నడిచి వెళ్లేవాడు. ఒక రైతు ఇంట్లో కొన్నాళ్లు మకాం వేస్తే చుట్టుపక్కల పిల్లలంతా అక్కడికి చేరేవారు. ఆ తర్వాత మరో ఇల్లు. ఓమ్‌గాంగ్స్‌స్కూలె అనేవారు దాన్ని, తిరిగే బడి అని. 1860లో చట్టం వచ్చాక గానీ పల్లెల్లో స్థిరమైన బడులు ఏర్పడలేదు. బడే పిల్లల దగ్గరికి రావాలన్న ఆ పట్టుదల నాకు ఇప్పటికీ ఇక్కడి మనుషుల్లో కనిపిస్తుంది. తక్కువమంది పిల్లలున్న దీవిలో బడి మూసేస్తామంటే ఊరంతా కదులుతుంది.

ఇక బాబు సంగతి. అతనికి ఏడో తరగతి దాకా మార్కులు ఉండవు. ఐదో తరగతిలో నార్వేజియన్ చదవడం, లెక్కలు, ఇంగ్లీషులో దేశమంతటికీ ఒకే పరీక్ష పెడతారు గానీ, పిల్లలు ఎక్కడున్నారో చూసుకోవడానికే. ఇంగ్లీషు ఒకటో తరగతి నుంచే ఉంటుంది. బడి మధ్యాహ్నానికే అయిపోతుంది. ఆ తర్వాత ఎస్‌ఎఫ్‌ఓ అనే ఆటల వేళ. ఒకటి నుంచి మూడో తరగతి వరకు వారానికి 12 గంటలు ఉచితం. దాన్ని మాత్రం వదులుకోకండి. భాష వచ్చేది క్లాసులో కన్నా అక్కడే. భోజనం ఇంటి నుంచి డబ్బాలో పెట్టి పంపాలి, మాత్‌పక్కె అంటారు. బడిలో వేడి చేసుకునే వీలుంటుందని అనుకోవద్దు. చల్లారినా తినగలిగినదే పెట్టండి. పులిహోర హాయిగా పనికొస్తుంది. వానైనా మంచైనా విరామంలో బయటికి పంపేస్తారు, వారంలో ఒకరోజు అడవిలోనే గడిపే బళ్లూ ఉన్నాయి. స్టావంగర్‌లో మంచు కన్నా వానే ఎక్కువ. లోపల ఊలు బట్టలు, పైన వాన కోటు, ప్యాంటు కొనండి. ఆరేళ్ల పిల్లవాడు ఒక శీతాకాలం గడిచేసరికి మీ కన్నా బాగా మాట్లాడతాడు. అతని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

పాప ఎనిమిదో తరగతిలో చేరుతుంది. ఆ తరగతి నుంచి ప్రతి సబ్జెక్టుకూ 1 నుంచి 6 వరకు గ్రేడు. 6 అన్నింటికన్నా పైది. ఏడాదికి రెండుసార్లు వేస్తారు. క్రమశిక్షణకు, నడవడికకు వేరే గ్రేడు. కొత్తగా వచ్చిన ఏ పిల్లకైనా ఇది కష్టకాలమే. భాష రాదు, స్నేహితుల గుంపులు అప్పటికే కుదిరిపోయి ఉంటాయి. అయితే పెద్దగా ఊరటనిచ్చే విషయం ఒకటుంది. విడెరెగోఎండె సీటుకు లెక్కలోకి వచ్చేది ఎనిమిదిలో వేసిన గ్రేడు కాదు. పదో తరగతి చివర సబ్జెక్టు టీచరు వేసే తుది గ్రేడు. దానికి పరీక్షల గ్రేడు కలిపి, అన్నింటి సగటును పదితో గుణిస్తారు. 4.5 సగటు వస్తే 45 పాయింట్లు. తొమ్మిదిలోనే ముగిసే వంట, ఆరోగ్యం లాంటి సబ్జెక్టును మినహాయిస్తే, మీ పాపకు దాదాపు మూడేళ్ల సమయం ఉన్నట్టే. మొదటి ఏడాది నార్వేజియన్‌లో 2 వచ్చినా కంగారు పడకండి, ఆమెను కంగారు పెట్టకండి.

పదో తరగతి చివరి పరీక్ష కూడా మన బోర్డు పరీక్షలా ఉండదు. నార్వేజియన్, లెక్కలు, ఇంగ్లీషు, ఈ మూడింటిలో ఒకదానికే రాత పరీక్ష. ఎవరికి ఏది రావాలో లాటరీలో తేలుతుంది. దాంతో పాటు ఏదో ఒక సబ్జెక్టులో నోటి పరీక్ష. అంటే పిల్ల భవిష్యత్తు ఎక్కువగా మూడేళ్లు ఆమెను రోజూ చూసిన టీచర్ల అంచనా మీదే నిలబడుతుంది. ఇక్కడే మన పిల్లలు నష్టపోవడం చూశాను. చెప్పింది మొత్తం రాసేస్తారు, చేయి ఎత్తరు, వాదించరు. ఇక్కడి గ్రేడు పద్ధతిలో 5, 6 రావాలంటే తెలిసినదాన్ని వాడి చూపించాలి, కారణం చెప్పాలి, గుంపులో మాట్లాడాలి. టీచరును పేరుపెట్టి పిలవడం మన పిల్లలకు నోరు తిరగదు. మా అమ్మాయి నాలుగు నెలలు టీచరును ఏమని పిలవాలో తెలియక అసలు పిలవనే లేదు. పాపతో ఈ సంగతి ముందే మాట్లాడండి.

భాష మీద ఒక్కసారి వివరంగా చెబుతాను, అసలు పని అంతా అక్కడే ఉంది. కొత్తగా వచ్చిన పిల్లలకు నార్వేజియన్ సరిపడా వచ్చేదాకా ప్రత్యేక బోధన పొందే హక్కు ఉంది. కొన్నిచోట్ల దానికోసం విడి తరగతి ఉంటుంది, అందులో గరిష్ఠంగా రెండేళ్లు ఉండవచ్చు. విడి తరగతి ఎక్కడుందో, మీ పాప దాంట్లో చేరాలా లేక మామూలు తరగతిలోనే ఉంటూ అదనపు గంటలు తీసుకోవాలా అన్నది ఇల్లు అద్దెకు తీసుకునే ముందే కొమ్మూనెను అడగండి. ఇంటి చిరునామాతోనే బడి తేలిపోతుంది. నా అభిప్రాయం అడిగితే ఆరు నెలలు, మహా అయితే ఏడాది విడి తరగతి మంచిదే. అంతకు మించితే పక్కన నార్వే పిల్లలు లేకుండా ఉండిపోతుంది.

రాసే భాషలు రెండు, బూక్‌మోల్, నీనొర్స్క్. 1885 నుంచి రెండింటికీ సమాన హోదా. పిల్లలు ఒకదాన్ని ప్రధానంగా నేర్చుకుని, పెద్ద తరగతుల్లో రెండోదీ రాయాలి. ప్రత్యేక భాషా బోధన పొందే పిల్లలకు ఆ రెండో దాని గ్రేడు నుంచి మినహాయింపు దొరుకుతుంది, అడిగి తీసుకోండి. ఇక మాట్లాడేది మూడో రకం. అందరూ తమ ఊరి యాసలోనే మాట్లాడతారు. స్టావంగర్‌లో 'ర' గొంతులోంచి వస్తుంది. యాప్‌లో నేర్చుకున్న నార్వేజియన్‌తో దిగిన పాప మొదటి వారం ఏమీ అర్థం కాక ఏడిస్తే, ఆమె తప్పేమీ లేదని చెప్పండి. శ్రీకాకుళం యాస మొదటిసారి విన్న తెలంగాణ పిల్లలాంటిదే ఇదీ. నెల రోజుల్లో చెవి అలవాటు పడుతుంది.

విడెరెగోఎండెకు మార్చి 1లోగా దరఖాస్తు పెట్టాలి. పదో తరగతి అయిన ప్రతి పిల్లకూ ఇక్కడ చట్టప్రకారం ఉంటున్నట్టయితే సీటు హక్కుగా వస్తుంది. కోరుకున్న బడి, కోరుకున్న కోర్సు వస్తుందా లేదా అన్నదే పాయింట్ల మీద ఉంటుంది. మొత్తం 15 కోర్సులు. ఐదు యూనివర్సిటీ వైపు వెళ్లేవి, పది వృత్తివిద్యవి.

యూనివర్సిటీ వైపు దారిలో మా ఇంట్లో జరిగిన పొరపాటు చెబుతాను, మీకు జరగకూడదని. మొదటి ఏడాదిలో లెక్కలు రెండు రకాలు. 1టి అంటే సిద్ధాంతం ఎక్కువ, 1పి అంటే నిత్యజీవితపు లెక్కలు. మా అమ్మాయికి భాష ఇంకా పూర్తిగా రాలేదని, 1పి అయితే సులువుగా మంచి గ్రేడు వస్తుందని బడిలో సలహా ఇచ్చారు. ఆ ఒక్క ఎంపికతో ఏ తలుపులు మూసుకుంటాయో చెప్పలేదు, మేము అడగలేదు. ఇంజనీరింగ్ మాస్టర్స్‌కు ఆర్1, ఆర్2 అనే లెక్కలూ, భౌతికశాస్త్రమూ ఉండాలి. 1టి లేకుండా ఆర్1 అందుకోవడం చాలా కష్టం. మూడో ఏడాదిలో ఇంజనీరింగ్ చదవాలని తేల్చుకున్నాక, ఆ సబ్జెక్టులు ఒక ఏడాది ఇంట్లో కూర్చుని చదివి ప్రైవేటుగా పరీక్షలు రాసింది. పాస్ అయింది, సీటు వచ్చింది. కానీ తోటివాళ్లంతా వెళ్లిపోయిన ఆ ఏడాది ఆమె పడ్డ ఒంటరితనం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీ పాపకు లెక్కలంటే ఇష్టమైతే 1టి పట్టుబట్టి తీసుకోండి.

ఇంకొకటి. మన దగ్గర చివరి పరీక్షే అంతా. ఇక్కడ విడెరెగోఎండె మొదటి ఏడాదితో ముగిసిపోయే భూగోళం, సైన్సు గ్రేడ్లు కూడా చివరి సర్టిఫికెట్‌లోకి ఎక్కి, యూనివర్సిటీ పాయింట్లలో కలుస్తాయి. 'ఇంకా రెండేళ్లుంది కదా' అనుకున్న ఇళ్లలో ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. ఏడో తరగతి దాకా ఎంత తీరిగ్గా ఉంటుందో, పదహారేళ్ల తర్వాత అంత కచ్చితంగా ఉంటుంది.

వృత్తివిద్య గురించి మన ఇళ్లలో మాట్లాడరు, అందుకే చెప్పాలి. ఇక్కడ దాదాపు సగం మంది పిల్లలు అటే వెళ్తారు. రెండేళ్లు బడిలో, రెండేళ్లు కంపెనీలో అప్రెంటిస్‌గా. ఆ రెండేళ్లూ జీతం ఇస్తారు, అది విడతలుగా పెరుగుతుంది. చివర్లో పరీక్ష పాసైతే ఫాగ్‌బ్రేవ్ అనే పత్రం. అది ఉన్న ఎలక్ట్రీషియన్‌కు ఇక్కడ గౌరవమూ ఉంది, ఇల్లు కొనుక్కునే జీతమూ ఉంది. మా బాబు ఈ మాట అన్నప్పుడు ఖమ్మంలో మా అత్తయ్యగారు మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మా వారూ చాలా రోజులు ఒప్పుకోలేదు. అప్పుడే తెలుసుకున్నాం, ఫాగ్‌బ్రేవ్ ఉన్నవాళ్లను కొన్ని యూనివర్సిటీలు వై-వైయెన్ అనే దారిలో నేరుగా ఇంజనీరింగ్ బ్యాచిలర్స్‌లో చేర్చుకుంటాయని. వృత్తివిద్య నుంచి ఒక ఏడాది అదనంగా చదివి మామూలు డిగ్రీ వైపు కూడా రావచ్చు. ఏ దారిలో వెళ్లినా తిరిగి రావడానికి ఒక అడ్డదారి వేసి ఉంచడం ఈ దేశపు చదువులో నాకు అన్నింటికన్నా నచ్చిన సంగతి.

యూనివర్సిటీ సీట్లన్నీ సామోర్డ్నా ఉప్‌తాక్ అనే ఒకే చోట కేటాయిస్తారు. ఏప్రిల్ 15 గడువు, పది ఆప్షన్లు వరుసలో పెట్టుకోవచ్చు. ప్రవేశ పరీక్ష కోచింగ్ అనే మాటే లేదు, విడెరెగోఎండె గ్రేడ్లే ఆధారం. 2003 నుంచి బ్యాచిలర్స్ మూడేళ్లు, మాస్టర్స్ రెండేళ్లు, అక్షరాల్లో ఎ నుంచి ఎఫ్ వరకు గ్రేడ్లు. ఓస్లో యూనివర్సిటీ 1811లో స్థాపించిన పాతది. ఇంజనీరింగ్‌కు అందరూ చూసేది ట్రోండ్‌హైమ్‌లోని ఎన్‌టీఎన్‌యూ. స్టావంగర్‌లో యూనివర్సిటీ 2005 నుంచి ఉంది, చమురు, ఇంధన రంగాల చదువుకు మంచి పేరు. ఎంబీబీఎస్ లాంటిది ఓస్లో, బెర్గన్, ట్రోండ్‌హైమ్, త్రొమ్సోలో ఆరేళ్ల చదువు. దాదాపు అన్నింట్లో 6 ఉంటే తప్ప ఆశ పెట్టుకోలేం. అందుకే నార్వే పిల్లలే చాలామంది పోలండ్, హంగరీ వెళ్లి డాక్టర్లవుతారు.

ఫీజుల సంగతి జాగ్రత్తగా చదవండి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో నార్వే, యూరప్ పిల్లలకు ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టరుకు కొన్ని వందల క్రోనర్లు కడితే చాలు. యూరప్ బయటి దేశాలవాళ్లకూ అలాగే ఉండేది. 2023 నుంచి వాళ్లకు ఫీజు పెట్టారు, అదీ లక్షల రూపాయల్లో. పర్మనెంట్ రెసిడెన్స్ ఉన్నవాళ్లకు ఆ ఫీజు లేదు. మీ పాప యూనివర్సిటీకి వెళ్లడానికి ఆరేళ్లు పడుతుంది, మీరు అర్హత సంపాదించడానికి సమయం ఉంది. ఒక్కటి గుర్తుంచుకోండి, పిల్లలకు దరఖాస్తు విడిగా పెట్టాలి, మీకు వస్తే వాళ్లకు దానంతటదే రాదు. జీవన ఖర్చుకు లోనెకాస్సెన్ అనే ప్రభుత్వ సంస్థ 1947 నుంచి అప్పిస్తోంది. తల్లిదండ్రులతో కాకుండా విడిగా ఉంటూ, సబ్జెక్టులు పాసై డిగ్రీ పూర్తి చేస్తే అందులో 40 శాతం దాకా తిరిగి కట్టక్కర్లేదు. చదువుతున్నంతకాలం వడ్డీ ఉండదు. మా అమ్మాయి పెళ్లికి ముందే మిగిలిన అప్పు తానే కట్టుకుంటోంది, ఆమె చదువుకు మేము ఏదీ అమ్మలేదు, తాకట్టు పెట్టలేదు.

లోపాలు లేవనడం లేదు. పీసా అనే అంతర్జాతీయ పరీక్షలో 2018లో 501 ఉన్న నార్వే లెక్కల సగటు 2022లో 468కి పడిపోయింది, ఎక్కువగా ధనిక దేశాలున్న ఓఈసీడీ కూటమి సగటు 472 కన్నా తక్కువ. స్క్రీన్లు అతిగా వాడేశామని ఇక్కడి టీచర్లే ఒప్పుకుంటున్నారు. 2024లో బళ్లలో ఫోన్లు వద్దని ప్రభుత్వమే సూచించింది, అచ్చు పుస్తకాలు మళ్లీ కొంటున్నారు. లెక్కల్లో మీ పాప మొదటి ఏడాది క్లాసు కన్నా ముందుంటుంది. ఆ ముందుండటాన్ని కాపాడుకోవాలంటే ఇంట్లో రోజూ అరగంట మీరు కూర్చోవాలి. అంతకు మించి వద్దు. మిగిలిన సమయం ఆమెను హ్యాండ్‌బాల్‌కో, బ్యాండుకో, మరే క్లబ్బుకో పంపండి. స్నేహితులు దొరికేది అక్కడే.

ఇంటర్నేషనల్ స్కూలు గురించి నా మాట సూటిగా: రెండు మూడేళ్లలో వెనక్కి వెళ్లడం ఖాయమైతే, ఫీజు కంపెనీ కడితే, అక్కడే వేయండి. ఎందుకంటే ఇక్కడి పదో తరగతి నుంచి నేరుగా వెళ్లి ఎంపీసీ లెక్కలు అందుకోవడం పిల్లకు నరకం. చదువుకు భారత విశ్వవిద్యాలయాల సంఘం నుంచి సమానత్వ పత్రం తెచ్చుకోవాలి, ఎప్‌సెట్ లోకల్ కోటా కూడా పిల్ల చదివిన చోటును బట్టి ఉంటుంది. ఉండిపోయే ఆలోచన సగం ఉన్నా సరే, మామూలు బడిలో వేయండి. పదమూడేళ్లకు ఇంగ్లీషు బడిలో దాచి, పదహారేళ్లకు నార్వేజియన్‌లో దింపితే ఆమెకు మిగిలేది ఏమీ ఉండదు. విడెరెగోఎండెలో ఇంగ్లీషులోనే చదవాలనుకుంటే కొన్ని ప్రభుత్వ బళ్లలో కూడా ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) ఉంది.

రెండు రూల్స్ ముందే తెలియాలి. బడి వేళల్లో ఊరికి వెళ్లాలంటే అనుమతి తీసుకోవాలి, అది గరిష్ఠంగా రెండు వారాలే. నెలన్నర పెళ్లిళ్లకని తీసుకెళ్తే పిల్ల పేరు బడి నుంచి తీసేసే అవకాశం ఉంది. రెండోది, బడిలో కొట్టడం 1936లోనే నిషేధించారు, ఇంట్లో తల్లిదండ్రులు కొట్టడం కూడా 1987 నుంచి చట్టవిరుద్ధం. చిన్న దెబ్బే కదా అనే మాట ఇక్కడ చెల్లదు, టీచరుకు తెలిస్తే శిశుసంక్షేమ శాఖకు చెప్పడం ఆమె విధి. అదే చట్టం మీ పిల్లలకూ అండగా ఉంటుంది. బడిలో ఎవరైనా ఏడిపిస్తే ఒక్క మెయిల్ రాయండి, వెంటనే విచారించి ఏం చేస్తారో రాతపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత బడిదే.

వీలుంటే జూలై చివరికల్లా వచ్చేయండి. బడి ఆగస్టు మధ్యలో తెరుస్తారు. ఆ రెండు వారాలు పాపను ఎన్‌ఆర్‌కే సూపర్ చూడనివ్వండి, పిల్లల ఛానెల్, నార్వేజియన్ సబ్‌టైటిల్స్ ఉంటాయి. పుట్టిన సర్టిఫికెట్లు, టీకాల కార్డులు, పాప పాత ప్రోగ్రెస్ రిపోర్టులు ఇంగ్లీషులో తెచ్చుకోండి. తరగతి మధ్యలో జనవరిలో దిగడం కన్నా, అందరూ కొత్త బడికి మారే ఎనిమిదో తరగతి మొదటి రోజున దిగడం ఆమెకు చాలా తేలిక. ఆ రోజు వేర్వేరు బార్నెస్కూలెల నుంచి వచ్చిన పిల్లలు ఒకరినొకరు కొత్తగానే చూసుకుంటారు.